కుర్చీలకు గుడ్డ బిగించే సుత్తికి ఒక కొన చీలి ఉంటుంది, ఎందుకు?

ఆ చీలిక ఉన్న కొన అయస్కాంతం: చిన్న మేకును పట్టుకుని చెక్కలో నిలబెట్టడానికి అది, పూర్తిగా దించడానికి రెండో కొన. చీలికకు అటూ ఇటూ రెండు ధ్రువాలు పక్కపక్కనే వస్తాయి కాబట్టి మేకు తల గట్టిగా అంటుకుంటుంది. ఒక చేయి గుడ్డను లాగి పట్టుకోవాలి, మరి మేకును పట్టేదెవరు? అసలు ఇబ్బంది అదే, ఈ సుత్తి తీర్చేదీ అదే. సుత్తి తల సుమారు 200 గ్రాములే, కొట్టే మొహం సన్నం. అందుకే చెక్క అంచుకు, పక్కనున్న నగిషీకి దెబ్బ తగలదు.

సీటు గుడ్డ బిగించేటప్పుడు చూడండి. 10 లేదా 13 మిల్లీమీటర్ల ఉక్కు మేకు తలను అయస్కాంతానికి అంటించి, మొన కిందికి ఉండేలా ఒక చిన్న దెబ్బ వేస్తారు. సుత్తి తిప్పి రెండో కొనతో సగం దాకానే దించుతారు. నాలుగు వైపులా ఇలా నిలబెట్టాక, గుడ్డ పోగులు వంకర పోలేదని చూసుకుని, అప్పుడు పూర్తిగా కొడతారు. మేకు తల గుడ్డకు ఆనగానే ఆపాలి. ఇంకో దెబ్బ వేస్తే తల అంచు పోగుల్ని కోసేస్తుంది, తర్వాత లాగుడు పడ్డప్పుడు చిరుగు అక్కడే మొదలవుతుంది.

చీలిక మేకులు పీకడానికని చాలామంది అనుకుంటారు. కాదు, పీకడానికి వేరే పనిముట్టు ఉంటుంది. దీంతో పీకబోతే కొన విరగొచ్చు. పూర్తి ఇత్తడి మేకులైతే అయస్కాంతానికి అంటుకోనే అంటుకోవు, వాటిని వేళ్లతోనే నిలబెట్టాలి.