మాత్ర నూరే ముందు స్ట్రిప్పు చదవండి

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. పక్షవాతం వచ్చి, ఆస్పత్రిలో ఉండి, గత వారమే ఇంటికి వచ్చారు. మంచినీళ్లు తాగినా పొలమారుతోంది, మాత్రలు మింగుడు పడటం లేదు. అందుకని ఉదయం ఇవ్వాల్సిన పాంటొప్రజోల్ (ఎసిడిటీకి), మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. (షుగరుకు), నిఫెడిపిన్ రిటార్డ్ (బీపీకి) మాత్రలను చిన్న రోట్లో నూరి పెరుగన్నంలో కలిపి పెడుతున్నాను. సగం తిని చాలంటారు. ఈ పద్ధతి సరైనదేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ శ్రద్ధ అర్థమవుతోంది, కానీ మీరు రాసిన మూడింటిలో ఒక్కటి కూడా నూరదగిన మాత్ర కాదు. పాంటొప్రజోల్ జీర్ణాశయంలోని ఆమ్లం తగిలితే పాడైపోతుంది కనుక పేగుల్లోకి చేరాకే కరిగేలా దానికి పూత వేస్తారు. నూరినప్పుడు ఆ పూత పోయి, మందు చాలావరకు వృథా అవుతుంది. మెట్‌ఫార్మిన్ ఎస్.ఆర్. గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదల కావలసిన మందు. నిఫెడిపిన్ రిటార్డ్ కూడా అలాంటిదే, కానీ దాన్ని నూరితే వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది: చాలాసేపు నెమ్మదిగా అందవలసిన మోతాదు ఒక్కసారే ఒంట్లోకి చేరి రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చు. పక్షవాతం వచ్చిన మనిషికి అది అసలే మంచిది కాదు.

మందు పేరు పక్కన నెమ్మదిగా విడుదలవుతుందని తెలిపే ఎస్.ఆర్., ఇ.ఆర్., ఎక్స్.ఆర్., సి.ఆర్., రిటార్డ్ వంటి మాటలు గానీ, జీర్ణాశయంలో కరగని పూత ఉందని తెలిపే ‘గ్యాస్ట్రో రెసిస్టెంట్’ అని గానీ ఉంటే ఆ మాత్రను నూరకూడదు, నమలకూడదు. అవేవీ లేనంత మాత్రాన నూరవచ్చని కూడా అనుకోకండి. మందుల షాపులోని ఫార్మసిస్టును అడిగి తెలుసుకోండి.

అలాగని మీ అంతట మీరు మందులు ఆపకండి. స్ట్రిప్పులన్నీ దగ్గర పెట్టుకుని ఈరోజే డాక్టరుగారికి ఫోన్ చేసి, నీళ్లకే పొలమారుతోందన్న సంగతి ముందు చెప్పండి, ఎందుకంటే మింగే శక్తిని పరీక్షించకుండా నోటి ద్వారా ఏది ఇచ్చినా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఈ మందులకు బదులు వేరే రూపాలు ఉన్నాయేమో కూడా అడగండి; ఉదాహరణకు మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా విడుదల కాని మామూలు మాత్రగానూ దొరుకుతుంది. ఏది మార్చాలో, ఎంత మోతాదులో ఇవ్వాలో డాక్టరుగారే నిర్ణయించాలి.

నోటితో ఇవ్వవచ్చని చెబితే, నాన్నగారిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఛాతీవైపు వంచమని చెప్పి, బాగున్న వైపు నుంచే కొద్దికొద్దిగా ఇవ్వండి. నూరవచ్చని చెప్పిన మందును కంచం నిండా అన్నంలో కాక, ఒకటి రెండు చెంచాల మెత్తని పదార్థంలో మాత్రమే కలపాలి. లేకపోతే సగం మందు కంచంలోనే మిగిలిపోతుంది. మింగాక టార్చి వేసి బలహీనమైన వైపు బుగ్గ లోపల తప్పక చూడండి. ఉదయం మింగేశారనుకున్న మాత్ర మధ్యాహ్నం దాకా ఆ బుగ్గలో తెల్లని ముద్దగా అంటుకుని ఉండటం వార్డుల్లో నేను స్వయంగా చూశాను, ఆ రోగికి అది అక్కడుందన్న స్పర్శ కూడా లేదు. తర్వాత అరగంట సేపు పడుకోనివ్వకండి.

సిరప్‌కు మార్చితే వంటింటి చెంచా వాడకండి, వాటి కొలతలు ఒక్కలా ఉండవు. సీసాతో వచ్చిన కొలత మూతనో, సూది లేని సిరంజినో కంటి ఎత్తులో పట్టుకుని కొలవండి.

తిన్న తర్వాత గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా, ఆయాసం కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.