ఫోటో తీసే ముందు ఒక్క మాట అడగండి

మొన్న మన ఆత్మకూరు వైపు తమ్ముడొకడు ఫోన్ చేశాడు, జర్మనీ వచ్చి నెల కూడా కాలా, "అన్నా, కెమెరా కొన్నా, ఈడ రోడ్డు మీద మనుషుల్ని తీయొచ్చా, పోలీసోళ్ళు ఏమన్నా అంటారా" అని. అడిగినందుకు సంతోషం వేసింది. నేనొచ్చిన కొత్తలో ఇది అడగాలని కూడా నాకు తట్టలేదు.

అప్పుడు మా పాప పుట్టినరోజుకి కిటాకి, అదే ఇక్కడి కిండర్‌గార్టెన్‌కి, కేక్ పట్టుకెళ్ళాం. పిల్లలందరూ చుట్టూ చేరితే వరసబెట్టి తీశా, సాయంత్రానికల్లా ఫేస్‌బుక్‌లో పెట్టేశా, కావలిలో మా అమ్మావాళ్ళు చూసి మురిసిపోతారని. రెండు రోజుల తర్వాత గేటు దగ్గర ఒకామె నన్ను ఆపింది. ఆమె ఫోన్‌లో నా ఫోటోనే ఉంది, మూలన నీలం స్వెట్టర్ పిల్లాడి మొహం మీద వేలు పెట్టి, తర్వాత వెనక గోడ మీదున్న కిటా పేరు మీదకి జరిపింది. అరవలేదు, కోప్పడలేదు. "మేం వీడి నాన్నకి తెలీకుండా ఊరు మారాం, దయచేసి తీసెయ్యండి" అంది. నాకు నోట మాట రాలేదు, అక్కడే నిలబడి తీసేశా, కానీ అప్పటికే ఎంతమంది చూశారో ఎవరికి తెలుసు.

ఇక చట్టం సంగతి. జర్మనీలో ఫోటోలో ఉన్న మనిషి ఒప్పుకోకుండా ఆ ఫోటో బయట పెట్టకూడదు, ఈ రూలు 1907 నాటిది. 1898లో జర్మనీ మొదటి ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయినప్పుడు ఇద్దరు ఫోటోగ్రాఫర్లు రాత్రిపూట ఆ గదిలోకి దూరి శవాన్ని ఫోటో తీశారు, ఆ గొడవే ఈ చట్టానికి దారి తీసింది. ఊరేగింపులో జనం, కోట ముందు తీసుకుంటే వెనక నడిచిపోయే వాళ్ళు, ఇట్లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఒక మనిషి మొహమే ఫోటో అయితే మాత్రం అడగాల్సిందే, పిల్లలైతే అమ్మానాన్నల్ని అడగాలి. డల్లాస్‌లో ఉన్న మీ బావ "పబ్లిక్ ప్లేస్‌లో ఎవర్నైనా తీయొచ్చు" అంటాడు, అది అమెరికా లెక్క, ఇక్కడ కుదరదు.

యాక్సిడెంట్ దగ్గరైతే అసలు ఫోన్ తీయొద్దు. మన హైవే మీద ఏదన్నా జరిగితే వీడియో తీసే వాళ్ళు ముందుంటారు, నాకైతే అది చూస్తే కడుపు రగిలిపోద్ది. ఇక్కడ దెబ్బలు తగిలి నిస్సహాయంగా పడున్న మనిషిని అట్లా తీస్తే రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు, చనిపోయిన వాళ్ళని తీసినా అదే వర్తిస్తుంది, ఈ మార్పు 2021లో వచ్చింది.

ఇంకోటి, ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపెయ్యండి. ఫోటోని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఎక్కడ తీశారో కూడా దాంతోపాటే అవతలి వాళ్ళకి చేరిపోద్ది.

ఇదంతా పరాయి దేశం కాబట్టి పాటించేది అనుకోవద్దు. ఒకసారి సెలవులకొచ్చినప్పుడు నెల్లూరు రొట్టెల పండక్కి పోయినా. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో, తల మీద కొంగు కప్పుకుని ఒకామె, పిల్లలు పుట్టాలని కోరుకునే వాళ్ళు తీసుకునే సంతానం రొట్టె అందుకుంటోంది. ఫోన్ పైకెత్తినోణ్ణి ఆగిపోయా. ఆ రొట్టెతో సహా ఆమె మొహం బయట పెడితే ఆమె ఇంటి బాధ ఊరందరికీ చెప్పినట్టే గదా. దగ్గరకి పోయి అడిగితే, "రొట్టెని ఫోటో తీసుకోన్నా, మొహం వద్దు, నేనొచ్చినట్టు మా అత్తోళ్ళకి తెలీదు" అంది. ఆ ఫోటో నా దగ్గరుంది, రెండు జతల చేతులు, మధ్యలో రొట్టె, కింద చెరువు నీళ్ళు.