బడి లెక్కలు: మా పన్ను వేరే ఊరి బడికెందుకు?

(టెక్సాస్‌లో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ అకౌంట్స్ ఆఫీసులో 19 ఏళ్లు పనిచేసి రిటైరయిన మా శీర్షిక రచయిత్రి ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: నమస్కారమండీ. మేము డాలస్ ఉత్తర శివారులో ఉంటాం. ఇల్లు కొని ఆరేళ్లయింది. ప్రాపర్టీ ట్యాక్స్ ఏడాదికి పదివేల డాలర్ల దాకా వస్తోంది, అందులో పెద్ద వాటా స్కూలుదే. మంచి స్కూలని చూసే ఇక్కడ కొన్నాం. తీరా చూస్తే మా డిస్ట్రిక్ట్ దగ్గర రాష్ట్రం కోట్ల డాలర్లు తీసుకుని పేద డిస్ట్రిక్టులకు పంచుతుందట. దాన్ని 'రాబిన్ హుడ్' అంటారట. ఇక్కడేమో మా పాప స్కూల్లో ఆర్ట్ టీచర్‌ని తీసేశారు, క్లాసుల్లో పిల్లలు ఎక్కువయ్యారు. పేద పిల్లలు బాగుపడొద్దని నేననడం లేదు. కానీ మా కష్టార్జితం ఎందుకు పోవాలి? ఇది న్యాయమేనా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: బాబూ, మీ కోపం నాకు కొత్త కాదు. ఆఫీసులో చేరిన మొదటి ఏడాది నాకూ వచ్చింది. మా డిస్ట్రిక్ట్ కూడా మీలాగే కట్టే డిస్ట్రిక్టే. ఆ కట్టుబడి ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా వాయిదాల్లో పోతుంది. మొదటి వాయిదా కాగితం నా టేబుల్ మీదికొస్తే సున్నాలు లెక్కపెట్టుకుని, నమ్మకం లేక మళ్లీ లెక్కపెట్టాను. పద్దు పేరేమో 'అటెండెన్స్ క్రెడిట్ల కొనుగోలు'. హాజరు కొనుక్కోవడం ఏమిటి, ఎవరో తప్పు రాశారని మా బాస్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన నవ్వి, బీరువాలోంచి ఒక జిరాక్స్ కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ఇది చదివి రా, అప్పుడు సంతకం పెడతానన్నాడు. అది 1973 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు. అందులో రెండు అంకెల కింద ఎర్ర పెన్నుతో గీతలున్నాయి: 26, 333.

ఆ అంకెల కథ చెబితేగాని మీ ప్రశ్నకు జవాబు రాదు. ముందుగా ఒక మాట. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. టెక్సాస్‌లో అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఒకే నగరంలో పది ఉండొచ్చు. ఎవరి సరిహద్దు గీత వాళ్లదే, ఎవరి పన్ను వాళ్లదే.

శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే డిస్ట్రిక్ట్ ఉంది. దాదాపు అంతా మెక్సికన్ మూలాలున్న పేద కుటుంబాలు. 1968 మే నెలలో అక్కడి హైస్కూల్ పిల్లలు వందల మంది క్లాసులు వదిలి బయటికొచ్చేశారు. ఆ వేసవిలోనే డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి మరికొందరు తల్లిదండ్రులతో కలిసి కోర్టుకెక్కాడు. వైమానిక స్థావరంలో రేకుల పని చేసేవాడాయన. అప్పటి లెక్క చూడండి. ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థి వెనకున్న ఆస్తి విలువ 5,960 డాలర్లు. అదే నగరంలో ఉన్న అలామో హైట్స్‌లో 49,000 పైనే. ఎడ్జ్‌వుడ్ వాళ్లు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ పన్ను వేసుకున్నారు. ఆ చుట్టుపక్కల అంత పన్ను ఇంకెక్కడా లేదు. అలామో హైట్స్ వాళ్లు వేసుకున్నది 85 సెంట్లే. కనీస వాటా కింద రాష్ట్రం లెక్కగట్టింది పోను, సొంతంగా పిల్లవాడికి కలపగలిగింది ఎడ్జ్‌వుడ్ 26 డాలర్లు, అలామో హైట్స్ 333 డాలర్లు. ఎక్కువ పన్ను కట్టినవాడికి తక్కువ బడి! రాష్ట్రం ఇచ్చిందేమో ఎడ్జ్‌వుడ్‌కి 222, అలామో హైట్స్‌కి 225. అవునండీ, ఉన్నవాళ్లకే మూడు డాలర్లు ఎక్కువ.

మా నాన్న తెనాలి దగ్గర ఊళ్లో కరణం. పల్లానికి ఒక శిస్తు, మెట్టకి ఒక శిస్తు అని నాకు చిన్నప్పుడే తెలుసు. కాలవ కింద ఎకరం, మా అమ్మమ్మగారి మాచర్ల వైపు రాళ్ల చేను ఒకేలా పండవు కదా. ఇక్కడ జరిగింది దానికి కూడా తలకిందులు. రాళ్ల చేను రైతే ఎక్కువ శిస్తు కట్టి, తక్కువ గింజలు ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంతా చేసి రోడ్రిగెజ్ ఆ కేసు ఓడిపోయాడు. 5–4 తేడాతో. చదువు హక్కని దేశ రాజ్యాంగంలో రాసి లేదంది మెజారిటీ. కాదన్న నలుగురు జడ్జీల్లో, ఆ కోర్టుకి తొలి నల్లజాతి జడ్జి అయిన థర్గుడ్ మార్షల్ ఒకరు. తర్వాత 1984లో ఎడ్జ్‌వుడ్ వాళ్లే మళ్లీ కేసు వేశారు, ఈసారి రాష్ట్ర రాజ్యాంగం పట్టుకుని. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఈ పద్ధతి చెల్లదన్నారు. అప్పటికి అత్యంత ధనిక డిస్ట్రిక్ట్‌లో పిల్లవాడి వెనక ఆస్తి కోటీ నలభై లక్షల డాలర్లు దాటింది. అత్యంత పేద డిస్ట్రిక్ట్‌లో 20,000. అంటే 700 రెట్లు తేడా. శాసనసభ కొన్నేళ్లు కుంటి ఎత్తులు వేసి, కోర్టు కొట్టేస్తుంటే చివరికి 1993లో ఇప్పుడు మీరు తిడుతున్న చట్టం చేసింది.

ఇప్పుడు 'మా కష్టార్జితం' సంగతి. మీ డాలస్ శివారు ప్లానో డిస్ట్రిక్ట్‌నే తీసుకోండి. కొన్ని సంవత్సరాల్లో అది ఒక్క ఏడాదికే రాష్ట్రానికి కట్టింది 20 కోట్ల డాలర్లు దాటింది. అదంతా ఇళ్లవాళ్లు కట్టిందేనా? ఆ డిస్ట్రిక్ట్ గీతలో పెద్ద పెద్ద కంపెనీల భవనాలున్నాయి. వాటి పన్ను ప్లానో బడి ఖాతాలో పడుతుంది. ఆ భవనాల్లో రాత్రిళ్లు నేల తుడిచే ఆవిడ అక్కడ అద్దె భరించలేక ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆవిడ కొడుకు చదివే డిస్ట్రిక్ట్‌కి ఆ భవనం నుంచి ఒక్క సెంటు రాదు. ఆ కంపెనీల సరుకు కొన్నది టెక్సాస్ అంతా, అమెరికా అంతా. భవనం గీతకి ఇటు పడింది కాబట్టి పన్నంతా మనదే అనడం నాకు మింగుడుపడదు. అందుకే డబ్బు తీసుకోవడం న్యాయమే అంటాను. ఆ రోజు జిరాక్స్ కట్ట చదివి సంతకానికి వెళ్లినప్పటి నుంచి నా అభిప్రాయం మారలేదు.

అయితే మీ కోపానికి వేరే చిరునామా ఉంది. రాష్ట్రం ఒక్కో పిల్లవాడికి ఇంత అని ఒక మూల మొత్తం పెడుతుంది. స్థానిక పన్ను ముందు అందులోకి పోతుంది, తక్కువ పడింది రాష్ట్రం వేస్తుంది, ఎక్కువైతే, ఇందాక చెప్పిన 'అటెండెన్స్ క్రెడిట్ల కొనుగోలు' పేరు మీద రాష్ట్రం తీసుకుంటుంది. మరి మీ ఇళ్ల ధరలు పెరిగి మీరు ఇంకో కోటి ఎక్కువ కట్టారనుకోండి, ఎడ్జ్‌వుడ్‌కి ఎంత ఎక్కువ వస్తుంది? ఏమీ రాదు. వాళ్ల మూల మొత్తం మారలేదు కదా. రాష్ట్ర ఖజానాకి ఆ కోటి ఖర్చు తగ్గుతుంది, అంతే. 2019లో ఆ మొత్తాన్ని 6,160 డాలర్లు చేశారు. ఆ తర్వాత గుడ్లూ పెరిగాయి, కరెంటూ పెరిగింది, బస్సు డీజిలూ పెరిగింది. అది మాత్రం ఆరేళ్లు కదల్లేదు. 2025లో వేరే పద్దుల కింద టీచర్ల జీతాలకీ వాటికీ కొంత ఇచ్చినా, మూల మొత్తానికి కలిపింది 55 డాలర్లు. మీ పాప ఆర్ట్ టీచర్ పోయింది ఎడ్జ్‌వుడ్ పిల్లల వల్ల కాదు. వాళ్ల ఆర్ట్ టీచర్ని కూడా ఈ లెక్కే తినేస్తుంది.

ఇంకో సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు. రాబిన్ హుడ్ చెయ్యి జీతాలు, రోజువారీ ఖర్చుల పన్ను మీదే పడుతుంది. బాండ్లు అమ్మి తెచ్చిన అప్పుతో భవనాలు కట్టుకుని, ఆ అప్పు తీర్చే పన్ను జోలికి రాదు. అందుకే డాలస్ శివారు అలెన్‌లో 18,000 మంది కూర్చునే హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియం 6 కోట్ల డాలర్లతో 2012లో లేచింది. పేద డిస్ట్రిక్టులకు బాండ్ అప్పుల్లో రాష్ట్రం కొంత సాయం చేస్తుంది గానీ ఆ స్టేడియంకీ దానికీ పోలికేమిటి? డబ్బు లేదని టీచర్ని తీసేసే డిస్ట్రిక్ట్ అదే ఏడాది కొత్త ఈతకొలను కట్టడం చూసి మీరు మండిపడి ఉంటారు. అది ఈ రెండు జేబుల వ్యవహారం. భవనాల జేబులో డబ్బు జీతాల జేబులోకి వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు.

చట్టంలో నిజంగా నాకు నచ్చని చోటు ఒకటుంది. 'ధనిక డిస్ట్రిక్ట్' అన్నది ఆస్తుల్ని బట్టి, పిల్లల్ని బట్టి కాదు. హ్యూస్టన్ డిస్ట్రిక్ట్‌లో చదివేవాళ్లలో ఎక్కువమంది పేద పిల్లలే. ఊరి మధ్యలో ఆకాశహర్మ్యాలు ఉన్నాయని 2016లో దాన్నీ కట్టమన్నారు. జనం ఓటేసి వద్దన్నారు. వద్దంటే మీ వ్యాపార భవనాలు కొన్ని విడదీసి పక్క డిస్ట్రిక్ట్ జాబితాలో కలుపుతామంది రాష్ట్రం. ఆర్నెల్లు తిరక్కుండా 2017 మేలో మళ్లీ ఓటింగ్ పెట్టుకుని సరేనన్నారు. పేద పిల్లలకి అదనంగా ఇచ్చే లెక్క ఉంది, కాదనను. కానీ ఆ అదనం కూడా ఆ కదలని మూల మొత్తం మీద శాతమే.

ప్రశ్న: అమ్మా, గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఊరు ఉన్నదైనా లేనిదైనా మా జీతం ట్రెజరీ నుంచి ఒకే స్కేలులో వచ్చేది. ఇంత పెద్ద దేశంలో బడిని ఇంటి పన్నుకి కట్టేయడమేమిటి?

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఇక్కడ బళ్లు ఊళ్లవాళ్లు చందాలేసుకుని, పన్నేసుకుని కట్టుకున్నవి. మా బడి మా చేతిలోనే ఉండాలన్న పట్టుదల ఇప్పటికీ తగ్గలేదు. పైగా టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు కాబట్టి బరువంతా ఇంటి మీద పడుతుంది. అన్నిచోట్లా ఇలాగే ఉండదు. హవాయి రాష్ట్రమంతా ఒకటే డిస్ట్రిక్ట్, మీకు అక్కడైతే ఇంట్లో ఉన్నట్టుంటుంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో కోర్టు పట్టుబట్టిన మీదట 1976లో ఆదాయపన్నే పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకో కేసులో 31 పేద డిస్ట్రిక్టులకు ధనిక శివార్లతో సమానంగా ఖర్చు పెట్టాలని తీర్పులిచ్చి, మూడు నాలుగేళ్ల పిల్లలకు కూడా బడి పెట్టించారు. టెక్సాస్ అంత దూరం పోలేదు.

కానీ మాస్టారూ, మన దగ్గర సమానమని నేను అనలేను. మీ జీతం సమానం, నిజమే. మీ క్లాసులో కూర్చున్నది ఎవరి పిల్లలు? డాక్టరుగారి పిల్లలూ ఎరువుల షాపు వాళ్ల పిల్లలూ కాన్వెంటు బస్సెక్కి వెళ్లిపోయారు. మన దగ్గర డబ్బున్నవాళ్లు ప్రైవేటుకి పోతారు, ఇక్కడ డబ్బున్నవాళ్లు డిస్ట్రిక్టుకి పోతారు. ఫీజు రసీదు ఉండదు, ఇంటి ధరలో కలిసిపోయి ఉంటుంది. మీ అబ్బాయిని అడగండి, ఆ ఇల్లు అక్కడే ఎందుకు కొన్నాడో చెబుతాడు.

ప్రశ్న: ఆంటీ, మేము టెక్సాస్‌కి కొత్తగా వచ్చాం. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. బాబుని కిండర్‌గార్టెన్‌లో చేర్పిస్తే ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇచ్చారు. 'తెలుగు' అని రాస్తే వెనకబడిన క్లాసులో వేస్తారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఇంకోటి, సంక్రాంతికి మూడు వారాలు ఇండియా వెళ్లొచ్చా? మేము ట్యాక్స్ కట్టం కదా, అడగడానికి మొహమాటంగా ఉంది.

జవాబు: అమ్మాయ్, ముందు ఆ మొహమాటం వదిలెయ్. అద్దెలో మీ ఓనరు ట్యాక్స్ కలిపే తీసుకుంటాడు. సొంతింటివాళ్లకు వచ్చే మినహాయింపు కూడా మీకు రాదు.

ఫారంలో నిజం రాయి. తెలుగు అని రాస్తే బాబుకి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. బాగా వస్తే అక్కడితో అయిపోయింది. రాకపోతే ఇంగ్లిష్ నేర్పే ప్రోగ్రాంకి మీ అనుమతి అడుగుతారు. వాడు అందులో చేరితే డిస్ట్రిక్ట్‌కి మూల మొత్తం మీద మరో పదో వంతు, అంటే ఆరువందల పైచిలుకు డాలర్లు లెక్కకొస్తుంది. మన వాళ్లు నామోషీ అనుకుని 'ఇంగ్లిష్' అని రాస్తే, ఇంట్లో ఇంగ్లిష్ ముక్క వినని పిల్లవాడు సాయం లేకుండా క్లాసులో బిక్కమొహం వేసుకు కూర్చుంటాడు. ఇంగ్లిష్ నేర్పే ఆ ప్రోగ్రాంకీ డబ్బు రాదు.

సంక్రాంతి సంగతి కొంచెం చిక్కు. టెక్సాస్ డబ్బు లెక్కగట్టేది పేర్లను బట్టి కాదు, రోజువారీ సగటు హాజరును బట్టి. నేను వేళ్ల మీద లెక్కేసుకునేదాన్ని: ఒక పిల్లవాడు ఒక రోజు మానేస్తే మూల మొత్తంలోనే 35 డాలర్ల దాకా పోయినట్టు. జనవరి మొదటి రెండు వారాలు మా ఆఫీసులో హాజరు పట్టీ చూస్తే తెలుగువాళ్లు ఏ ఎలిమెంటరీలో ఎక్కువో చెప్పేసేదాన్ని! మీ సంగతి పర్లేదు, పండగకి వెళ్లారు. పేద డిస్ట్రిక్టుల్లో ఆస్తమా ఉన్నవాళ్లు, బస్సు అందనివాళ్లు, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయేవాళ్లు రోజూ ఉంటారు. ఆ రోజుల డబ్బు కూడా పోతుంది. టీచరు జీతం, బస్సు ఖర్చు మాత్రం తగ్గవు.

వెళ్లాలనుకుంటే క్రిస్మస్ సెలవులకు కలిసొచ్చేలా టికెట్లు చూసుకో. ఎక్కువ రోజులయ్యేటట్టయితే ముందే ఆఫీసులో అడుగు. వరసగా చాలా రోజులు రాకపోతే కొన్నిచోట్ల పేరు తీసేస్తారు, వచ్చాక మళ్లీ చేర్పించుకోవాలి. అమ్మమ్మగారింటికి అరిసెలకి పోయినందుకు మళ్లీ ఆ ఫారాలన్నీ నింపుతూ కూర్చోకు.