పిడిలో వెండి తీగ పొదిగితే లేచిపోతోంది, ఎందుకు?

కావలి నుంచి అడిగినవారి సమస్య క్లుప్తంగా ఇది: టేకు కత్తిపిడి మీద లత గీసి, కట్టర్ బ్లేడుతో గాడి తవ్వి, గుండ్రటి వెండి తీగను సూపర్ గ్లూతో అంటించారు. వారానికే మలుపుల దగ్గర తీగ లేచింది, చుట్టూ చెక్క నల్లబడింది.

తీగ లేవడానికి మొదటి కారణం గాడి తవ్వడమే. తీగను పట్టి ఉంచాల్సింది చెక్క. జిగురు మహా అయితే సాయం. సన్నటి ఉలితో నిలువుగా పొడిస్తే నార తెగి పక్కలకు నొక్కుకుంటుంది, చెక్క ఎక్కడికీ పోదు. తీగ దిగాక తడి తగిలిస్తే ఆ నార ఉబ్బి రెండు పక్కలా బిగించేస్తుంది. తవ్వి పారేసిన చోట ఉబ్బడానికి ఏముంది?

తీగ గుండ్రటిది పనికిరాదు, రిబ్బనులా చదునైన పట్టీ కావాలి. మందం 0.25 మి.మీ., ఎత్తు 1.2 మి.మీ. వెండిపని చేసేవాళ్ల దగ్గర కమ్మచ్చులో (తీగను సన్నగా లాగే రంధ్రాల పలక) 0.8 మి.మీ.కి లాగించి, రోలింగ్ మిషన్‌లో 0.25కి అణచమంటే దాదాపు ఈ కొలతే వస్తుంది. మీటరు 3 గ్రాముల పైచిలుకు తూగుతుంది, ఒక పిడికి చాలు. 999 వెండే, అంటే మేలిమిదే, అడగండి. 92.5లో రాగి కలిసి ఉంటుంది కాబట్టి మలుపులో స్ప్రింగులా వెనక్కి తంతుంది, కాలిస్తే నల్లబడుతుంది.

మిషన్‌లోంచి వచ్చిన పట్టీ బిరుసుగా ఉంటుంది. చుట్టగా కట్టి, వెలుతురు తక్కువున్న చోట సన్నమంట మీద కాల్చి, మసక ఎరుపు కనబడగానే మంట తీసేయండి. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇంత పల్చటి పట్టీ మీద మంట ఒకేచోట నిలిపారా, చుక్కై కూర్చుంటుంది. చల్లారాక 120 నంబరు ఉప్పుకాగితం మడిచి, ఆ మడతలోంచి తీగను రెండుసార్లు లాగండి. పక్కల గరుకు లేకపోతే నార ఎంత ఉబ్బినా జారుతుంది.

చెక్క విషయానికొస్తే, టేకుతో మొదలుపెట్టడం తొందరే. రంధ్రాలు పెద్దవి, నూనె ఉంటుంది, గంటు అంచు చిట్లుతుంది. జిట్టేగి (రోజ్‌వుడ్) మేలు, ముదురు రంగు మీద వెండి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మైన్‌పురిలో ఇత్తడి తీగతో చేసే తార్‌కశీకి వాడే శీషం కూడా దాని జాతిదే. ఉదయగిరి గరిటెలకు వాడే బిక్కి చెక్క నార సన్నం, గంటు శుభ్రంగా పడుతుంది. లేత రంగు మీద వెండి అంతగా తేలదు గానీ చెయ్యి తిరగడానికి బాగుంటుంది. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తామన్నా అనుమతి కాగితాలు లేకుండా ముట్టుకోకండి.

ఉలి కొననక్కర్లేదు. ఆక్సా బ్లేడు విరిచి, కొసను రెండు వైపులా తీగ మందానికి అరగదీయాలి. 3 మి.మీ. వెడల్పుది తిన్నని గీతలకు, 1.5ది మలుపులకు. సాన పట్టేటప్పుడు నీళ్లలో ముంచుతూ ఉండండి, నీలం తిరిగితే పదును నిలవదు. కొస నుంచి 1 మి.మీ. దగ్గర మార్కరు గీత పెట్టుకుంటే లోతు తప్పదు.

పిడిని 220 నంబరు ఉప్పుకాగితం దాకా సాపు చేసి డిజైను గీయండి. ఒక్కో పోటూ ముందు పోటును సగం కప్పాలి, లేకపోతే గాడి అడుగున మెట్లు మిగిలి తీగ అక్కడ ఆగిపోతుంది. 3, 4 సెంటీమీటర్లు పొడిచి, అంతవరకు తీగ దింపి, మళ్లీ ముందుకు వెళ్లండి. మలుపు ఉన్నచోట తీగను ముందే చిమటాతో వంచుకోవాలి. గాడే వంచుతుందిలే అని కొడితే లోపలి అంచు ఊడొస్తుంది. సన్న సుత్తితో తడుతూ 0.2 మి.మీ. పైకి ఉండగా ఆపండి. కొమ్మ కాడను కలిసేచోట తీగ కొసను ఏటవాలుగా అరగదీస్తే సందు కనబడదు.

తర్వాత వేడినీళ్లలో ముంచిన గుడ్డతో గీతల వెంట రెండుసార్లు తడిపి, రాత్రంతా ఆరనివ్వండి. ఆరాక స్పిరిట్ పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) ఒక పూత. మీ రెండో సమస్యకు జవాబు ఇదే: వెండిని ఉప్పుకాగితంతో రుద్దితే ఆ పొడి చెక్క రంధ్రాల్లో చేరి నల్లగా మారుతుంది, పూత ఉంటే దిగదు. పైకి ఉన్నదాన్ని ముందు సన్న ఆకురాయితో, తీగ వెంటే తీయండి. అడ్డంగా రాస్తే తీగ ఊడుతుంది. చివర 320, 600 కాగితాలు చెక్కబిళ్లకు చుట్టి రుద్దాలి. వేలితో రుద్దితే మెత్తటి చెక్క అరిగి తీగ గట్టులా మిగులుతుంది. ఆపైన లిన్సీడ్ ఆయిల్ పల్చగా రెండు మూడు పూతలు.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు. కార్తీకం వానల్లో తేమ పట్టిన చెక్క మీద పని చేస్తే రోహిణి కార్తెకు చెక్క కుంగి తీగ గోటికి తగులుతుంది. అప్పుడు సుత్తితో దింపబోకండి, ఆకురాయితో సన్నగా రాసి మళ్లీ నూనె పెడితే చాలు. రోజూ కడిగే గరిటెలకు మాత్రం ఈ పని వద్దు.