స్టోర్స్‌లో ఈఆర్‌పీ కష్టాలు: అమ్మాయిని ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర పల్లె. ప్రభుత్వ బడిలో టీచరుని. మా అమ్మాయి బీకాం తర్వాత ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో ఎంబీఏ చేసింది. రెండేళ్లుగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తోంది. ఆరు నెలల కిందట అక్కడ కొత్త ఈఆర్‌పీ (కంపెనీలోని అన్ని విభాగాల లెక్కలూ ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్) మొదలైంది. స్టోర్స్ తరఫున మా అమ్మాయిని ‘కీ యూజర్’గా, అంటే ఆ సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకునే మనిషిగా వేశారు. అప్పట్నుంచి రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి రావడం లేదు. స్టాకు లెక్కలు కలవడం లేదని, సాఫ్ట్‌వేర్ ఫెయిలైందని అందరూ ఈమె మీదే పడుతున్నారట. ఒకటే టెన్షన్. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది ఈ ఉద్యోగం మాన్పించి అమీర్‌పేటలో శాప్ (పెద్ద కంపెనీలు వాడే ఒక ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్) కోర్సు చేయించమంటున్నాడు. ఫీజు 1,20,000 రూపాయలు. ఉద్యోగం గ్యారంటీ అట, మూడేళ్ల అనుభవం కూడా వాళ్లే చూపిస్తారట. ఏం చేయమంటారు?

జవాబు: మాన్పించకండి మాస్టారూ. డబ్బు కట్టి కోర్సుల్లో చేరేవాళ్లు ఏ అనుభవం దొరక్క అవస్థ పడుతుంటారో, అది మీ అమ్మాయికి జీతమిచ్చి మరీ దొరుకుతోంది. ఆమె పడుతున్న కష్టం చిన్నదని నేననడం లేదు. దాన్ని తగ్గించుకునే దారి కూడా చెప్తాను. కానీ ముందు, ‘సాఫ్ట్‌వేర్ ఫెయిలైంది’ అన్న మాట సంగతి చూద్దాం. ఆ మాట ఎవరైనా అనేయగలరు. నిజంగా ఫెయిలైందా, అయితే ఎక్కడ, ఎందుకు, అని అంకెలతో చూపించగలిగేవాళ్లు మాత్రం కంపెనీల్లో బాగా తక్కువ. మీ అమ్మాయి అలాంటి మనిషి కావాలని నా కోరిక. ఇప్పుడున్న కుర్చీలోంచి అది సాధ్యమే.

మీకు సీఎఫ్‌ఎంఎస్, అంటే మన రాష్ట్ర ప్రభుత్వ జమాఖర్చుల ఆన్‌లైన్ వ్యవస్థ తెలుసు. 2018లో మన జీతాల బిల్లులు దాంట్లోకి మారాయి. డీడీఓ (బిల్లులు పెట్టే అధికారి) ఎక్కించిన బిల్లే ట్రెజరీకీ కనిపిస్తుంది, మళ్లీ ఎవరూ కొత్తగా రాసుకోరు. కంపెనీలో ఈఆర్‌పీ ఉద్దేశం కూడా అదే. సరుకు లారీ గేటు దగ్గరికి వచ్చిందనుకోండి. గేటు ఎంట్రీ పడుతుంది, స్టోర్స్ వాళ్లు జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే నోటు) వేస్తారు. పరీక్ష అయ్యేదాకా సరుకు విడిగా క్వారంటైన్‌లో ఉంటుంది. క్యూసీ (నాణ్యత తనిఖీ) వాళ్లు శాంపిల్ పరీక్షించి సరేనంటే అప్పుడు ప్రొడక్షన్‌కు ఇస్తారు. అకౌంట్స్ వాళ్లు పర్చేజ్ ఆర్డర్, జీఆర్‌ఎన్, సప్లయర్ బిల్లు మూడూ సరిచూసి డబ్బు పంపుతారు. పాత రోజుల్లో ఒక్కో డిపార్ట్‌మెంట్‌ది ఒక్కో రిజిస్టరు. ఇప్పుడు అందరికీ ఒకే లెక్క. అందుకే స్టోర్స్‌లో ఒక అంకె తప్పు పడితే అకౌంట్స్ దాకా పాకుతుంది, వెంటనే బయటపడుతుంది. చాలా తప్పులు పాత పద్ధతిలోనూ ఉండేవే. అప్పుడు సంవత్సరాఖరున సర్దుబాటు చేసేసేవారు. ఇప్పుడు ఏ రోజుది ఆ రోజు కనిపిస్తోంది. నింద మాత్రం సాఫ్ట్‌వేర్‌ మీద, దాన్ని చూసుకునే అమ్మాయి మీద పడుతోంది.

గో-లైవ్ (కొత్త సాఫ్ట్‌వేర్‌తో అసలు పని మొదలుపెట్టడం) అయిన మొదటి కొన్ని నెలలు పని నెమ్మదించడం, తప్పులు పెరగడం ఎక్కడైనా జరిగేదే. కన్సల్టెంట్లు ఈ దశను షేక్‌డౌన్ అంటారు. ఆ సమయంలో చూసి ఇదే తుది తీర్పు అనుకోకూడదు. అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ కంపెనీ 11.2 కోట్ల డాలర్ల ప్రాజెక్టుతో శాప్, మరికొన్ని సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంది. మొదట నాలుగేళ్లు అనుకున్న పనిని రెండున్నరేళ్లకు కుదించి, 1999 జులైలో మొదలెట్టింది. అక్టోబరు ఆఖరులో వచ్చే హాలోవీన్ పండక్కి ఆర్డర్లు ముంచుకొచ్చే సమయం అది. గోదాముల్లో సరుకుంది, ఆర్డర్లున్నాయి, అయినా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయింది. అదే కంపెనీ 2002లో అదే శాప్ కొత్త వెర్షన్‌కు ఇబ్బంది లేకుండా మారింది. సాఫ్ట్‌వేర్ అదే. తొందర, ముహూర్తం, సన్నద్ధత మారాయి.

జర్మనీలో లిడ్ల్ అనే సూపర్ మార్కెట్ల కంపెనీది ఇంకో కథ. ఏడేళ్లు పనిచేసి, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో శాప్ ప్రాజెక్టును వదిలేసుకుంది. సరుకు విలువను కొన్న ధరతో లెక్కగట్టడం ఆ కంపెనీ అలవాటు. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మకం ధరతో లెక్కగడుతుంది. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్పించుకుంటూ పోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. మీ అమ్మాయి కంపెనీలో కూడా ‘మా పద్ధతి ఇంతే, సాఫ్ట్‌వేర్‌ను దానికి తగ్గట్టు చేయండి’ అనేవాళ్లు ఉండే ఉంటారు. కొన్నిచోట్ల వాళ్ల మాటే న్యాయం. ఏది నిజంగా అవసరం, ఏది ఒట్టి అలవాటు అని తేల్చాల్సింది కీ యూజరే.

ఇక జయాపజయాలు ఎలా కొలవాలి? డిలోన్, మెక్లీన్ అనే ఇద్దరు ఆచార్యులు 1992లో ఒక నమూనా చెప్పి, 2003లో సవరించారు. సాఫ్ట్‌వేర్ ఎంత బాగుంది, అది ఇచ్చే సమాచారం ఎంత సరిగ్గా ఉంది, సాయం చేసే టీము ఎలా ఉంది, ఎంత వాడుతున్నారు, వాడేవాళ్లకు తృప్తి ఉందా, చివరికి సంస్థకు ఏం ఒరిగింది, ఇవీ వాళ్లు చూడమన్నవి. ఎంబీఏ చదివింది కాబట్టి ఈ పేర్లతో వెతికి చదువుకోమనండి. ఈఆర్‌పీ దగ్గరికొచ్చేసరికి ఒక చిక్కుంది. ఇక్కడ వాడకం తప్పనిసరి. అందరూ లాగిన్ అవుతున్నారు కదా, అదే సక్సెస్ అంటే కుదరదు. లాగిన్ అయి ఏం చేస్తున్నారో చూడాలి.

స్టోర్స్‌లో అయితే నేను మొట్టమొదట చూసేది స్టాకు. వారానికి 50 ఐటెమ్‌లు ఎంచుకోమనండి. స్క్రీన్ మీద ఉన్న అంకె, ర్యాకులో ఉన్న సరుకు, పక్కపక్కన రాసుకోవాలి. ఎన్ని కలిశాయి, ఎన్ని కలవలేదు? కలవని ప్రతిదానికీ కారణం వెతకాలి. నాకు తెలిసినంతలో కెమికల్స్ వాడే కంపెనీల్లో సగం గొడవ యూనిట్ల దగ్గర మొదలవుతుంది. సాల్వెంట్ కొనేది కిలోల్లో, ప్రొడక్షన్ అడిగేది లీటర్లలో. టోలుయిన్ 1000 లీటర్లు తూకంలో సుమారు 870 కిలోలే ఉంటుంది. మాస్టర్ డేటాలో (ఒక్కో ఐటెమ్ గురించి సిస్టమ్‌లో పెట్టుకున్న మూల వివరాల్లో) ఆ మార్పిడి సరిగ్గా పెట్టకపోతే, ఎవరూ దొంగిలించకుండానే, ఒలకకుండానే ప్రొడక్షన్‌కు సరుకు ఇచ్చిన ప్రతిసారీ స్టాకు తేడా వస్తుంది. ఇంకోచోట ఒకే ఐటెమ్‌కు రెండు మూడు కోడ్‌లు ఉంటాయి. పాత రిజిస్టర్ల నుంచి డేటా ఎక్కించేటప్పుడు ఒకరు పూర్తి పేరుతో, ఇంకొకరు పొట్టి పేరుతో ఎక్కించి ఉంటారు. ఒక కోడ్‌లో స్టాకు ఉన్నా, రెండో కోడ్‌లో లేదని చూసి పర్చేజ్ వాళ్లు మళ్లీ ఆర్డర్ పెడతారు. ఇలాంటివి ఒక పది పట్టుకుని సరిచేయిస్తే చాలు, మీద పడుతున్న వాళ్ల గొంతు తగ్గుతుంది.

ఆ తర్వాత లారీ గేటులోకి వచ్చిన సమయానికీ జీఆర్‌ఎన్ పడిన సమయానికీ మధ్య ఎంత ఆలస్యం ఉందో చూడాలి. సరుకు ముందు వాడేసి ఎంట్రీ తర్వాత వేయడం వల్లే చాలాసార్లు స్టాకు లెక్క తప్పుతుంది. తేడాల వల్ల ఆగిపోయిన సప్లయర్ బిల్లులు ఎన్ని, నెలాఖరున లెక్కలు ముగించడానికి (క్లోజింగ్) ఎన్ని రోజులు పడుతోంది, ఇవి అకౌంట్స్ వాళ్లను అడిగితే చెప్తారు. గో-లైవ్‌కు ముందు ఇవే అంకెలు ఎలా ఉండేవో కూడా సంపాదించమనండి. అవి లేకపోతే మెరుగైందో దిగజారిందో చెప్పడానికి ఆధారమే ఉండదు. చాలా కంపెనీలు కోట్లు పెట్టి కూడా ఈ ఒక్క పని మర్చిపోతాయి.

ఒక విషయం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. సిస్టమ్ ఉన్నా, పక్కన ఎవరి ఎక్సెల్ షీటు వాళ్లు నడుపుతుంటారు. స్టోర్స్‌లో పాతికేళ్ల పాతకాపు ఒకాయన తప్పకుండా ఉంటారు. ఏ డ్రమ్ము ఎక్కడుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన సొంత నోట్‌బుక్ మానరు. ఆయనతో గొడవ పెట్టుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. ఒక నెల ఆయన నోట్‌బుక్కు, సిస్టమ్ రెండూ కలిసి కూర్చుని పోల్చుకోమనండి. సిస్టమ్ తప్పిన చోట ఆయన చెప్పిందే సరిదిద్దాలి, అది ఆయన చెప్పారని అందరికీ తెలియాలి. ఇన్నాళ్లూ తన దగ్గరకొచ్చి అడిగిన జనం ఇప్పుడు స్క్రీన్ చూసుకుని వెళ్లిపోతుంటే ఆయనకు బాధ ఉంటుంది. ఆ బాధను గౌరవించినవాళ్ల మాటే ఆయన వింటారు.

మందుల కంపెనీ కాబట్టి ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు ఎంట్రీ వేయడం ఎంత మాత్రం వద్దు. పని ఒత్తిడిలో ‘నీ లాగిన్‌లో నేను వేసేస్తాలే’ అనేవాళ్లు ఉంటారు. అమెరికాకు మందులు పంపే కంపెనీల్లో ఎలక్ట్రానిక్ రికార్డులు ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల కిందికి వస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ఆడిట్ ట్రయల్‌లో ఉండాలి. ఆమె పేరు మీద ఇంకొకరు వేసిన ఎంట్రీకి ఆమే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు రాత్రి తొమ్మిది సంగతి. పాత స్టోర్స్ పని మొత్తం ఉంచి, పైన కీ యూజర్ పని వేశారని నా అనుమానం. ఇది చాలాచోట్ల చేసే అన్యాయమే. మేనేజరుకు నోటితో కాకుండా మెయిల్‌లో రాయమనండి. పాత పనిలో కొంత ఇంకొకరికి ఇవ్వాలి. ప్రతి షిఫ్టులో ఒకరికి తను నేర్పిస్తానని, ఆ తర్వాత చిన్న సందేహాలు వాళ్లే చూడాలని అడగాలి. ప్రయోగాలు చేసుకోవడానికి టెస్ట్ సర్వర్ యాక్సెస్ కావాలి. కీ యూజర్‌గా నియమించినట్టు ఒక కాగితం కూడా అడగాలి. కోపంగా రాయక్కర్లేదు. పైన చెప్పిన వారంవారీ లెక్క జతచేసి రాస్తే, అది ఫిర్యాదులా కాక పనిమంతురాలి నివేదికలా ఉంటుంది. రెండు మూడు నెలల్లో పని గంటలు తగ్గకపోతే, ఆరోగ్యం దెబ్బతింటుంటే, అప్పుడు వేరే ఉద్యోగం వెతుక్కోవడంలో తప్పులేదు. ఉన్న ఉద్యోగం చేస్తూనే వెతకాలి.

బావమరిది గారి సలహా మంచి మనసుతో ఇచ్చిందే. శాప్‌కు గిరాకీ ఉన్న మాట నిజం. శాప్‌లో ఈసీసీ అనే పాత వెర్షన్‌కు మామూలు సపోర్టు 2027 ఆఖరుతో ఆగుతుంది, అదనంగా డబ్బు కడితే 2030 దాకా ఇస్తారు. అందుకని పాత వెర్షన్ వాడే కంపెనీలు ఎస్/4హానా అనే కొత్త వెర్షన్‌కు మారే పనుల్లో ఉన్నాయి. కానీ ‘మూడేళ్ల అనుభవం చూపిస్తాం’ అన్నారు చూశారా, దాని జోలికి పోవద్దు. పెద్ద కంపెనీలు ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతా నంబరు) కింద ఉన్న సర్వీసు వివరాలు తనిఖీ చేస్తాయి. లేని కంపెనీలో పనిచేసినట్టు పెడితే అక్కడ దొరికిపోతారు, చేరాక దొరికినా తీసేస్తారు. చేతిలో రెండేళ్ల నిజమైన అనుభవం ఉన్న పిల్లకు ఆ ఖర్మ ఎందుకు?

కోర్సు అసలే వద్దని కాదు. శాప్ కంపెనీ తన సొంత లెర్నింగ్ సైట్‌లో చాలా పాఠాలు ఉచితంగానే పెట్టింది. సర్టిఫికేషన్ పరీక్షకు ఫీజు ఉంటుంది, దానికి తొందర లేదు. మీ అమ్మాయి కంపెనీలో ఉన్నది ఏ సాఫ్ట్‌వేరో మీరు రాయలేదు. శాప్ కాకపోయినా ఫర్వాలేదు. ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మన దేశంలో తయారైనదే. దాన్ని ఉచితంగా తెచ్చుకుని సాధన చేయొచ్చు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ ఒకటి ఊహించుకుని, పిక్కలు కొన్న దగ్గర్నుంచి గ్రేడ్ల వారీగా పప్పు అమ్మేదాకా మొత్తం అందులో కట్టమనండి. ఒకే పిక్కల లాటులోంచి గుండు (విరగని పప్పు) ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత వచ్చిందో, ఖర్చు వాటి మధ్య ఎలా పంచాలో ఆలోచిస్తే కాస్టింగ్ దానంతట అదే అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఉండదు.

దారి విషయానికొస్తే, స్టోర్స్, పర్చేజ్ తెలిసినవాళ్లకు శాప్‌లో ఎంఎం మాడ్యూల్ (కొనుగోళ్లు, స్టాకు చూసే భాగం) సహజంగా సరిపోతుంది. మందుల కంపెనీ కాబట్టి క్వాలిటీకి సంబంధించిన క్యూఎం కూడా కాస్త పట్టుబడితే విలువ పెరుగుతుంది. బీకాం ఉందని అకౌంట్స్ మాడ్యూల్ అయిన ఫైకో వైపు లాగేవాళ్లుంటారు. అందులో పోటీ ఎక్కువ, పైగా ఆమె రోజూ చేస్తున్న పని వేరు. కోడింగ్ రాదని భయపడనక్కర్లేదు, అది ఏబాప్ (శాప్ కోడింగ్ భాష) వాళ్ల పని. ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఇక్కడే ఉండి, ఒక ఫిజికల్ స్టాకు వెరిఫికేషన్, ఒక సంవత్సరాఖరు క్లోజింగ్, ఒక ఆడిట్ కొత్త సిస్టమ్‌లో దాటాక విశాఖ, హైదరాబాద్ కంపెనీలకు ఫంక్షనల్ కన్సల్టెంట్‌గా (కంపెనీ పనికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను అమర్చిపెట్టేవాళ్లు) ప్రయత్నించవచ్చు. అప్పటికి మీకు సర్టిఫికేషన్ కోసం ఖర్చుపెట్టాలనిపిస్తే పెట్టండి.

రెజ్యూమెలో ‘ఈఆర్‌పీ కీ యూజర్’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. స్టాకు లెక్క మొదట్లో ఎంత శాతం కలిసేది, తర్వాత ఎంతకు వచ్చింది, ఏ కారణాలు పట్టుకుంది, అది రాయాలి. కంపెనీ స్క్రీన్‌షాట్లు, సప్లయర్ల పేర్లు, ధరలు ఇంటికి తెచ్చుకోకూడదు, ఎక్కడా చూపకూడదు. శాతాలు చెప్తే సరిపోతుంది. ఎప్పుడు మానినా నోటీసు పీరియడ్ పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్‌తో పాటు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో కీ యూజర్‌గా చేసిన కాలం రాయించుకోవాలి. నియామకం కాగితం ఇప్పుడే అడగమన్నది అందుకే, అప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు కాదనలేరు.