ప్రతి ఆదివారం చర్చిలో దివ్యపూజకు (మాస్‌కు) వెళ్తున్నా ఆత్మకు తృప్తి లేదు. మా విచారణలో, అంటే మా చర్చికి చెందిన విశ్వాసుల సంఘంలో, నేను ఏం చేయాలి?

చివరి పాట కాగానే ఇంటికి వెళ్లిపోయేవారికి విచారణ జీవితం సగమే అందుతుంది. విశ్వాసులు పూజలో మౌన ప్రేక్షకుల్లా ఉండకూడదని కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ (1962–65) గట్టిగా చెప్పింది. మనకు పూజ తెలుగులో దొరికింది ఆ మహాసభ తెచ్చిన సంస్కరణ వల్లే. కాబట్టి ఆదివారం పూజలో చదివే బైబిల్ పఠనాలను శనివారం రాత్రే ఇంట్లో చదువుకోండి. మరునాడు గుడిలో అదే సువార్త వినిపించినప్పుడు, ప్రసంగం ఎలా ఉన్నా, దేవుని మాట మిమ్మల్ని తాకుతుంది. నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే.

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) దాకా ఆగకండి.

తర్వాత సేవ. పేదలకు సాయపడే విన్సెంట్ డి పాల్ సభను 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్ అనే విద్యార్థి, అతని మిత్రులు కలిసి ప్రారంభించారు. పేదల ఇళ్లకు స్వయంగా వెళ్లి కలవడమే దాని ప్రాణం. మీ విచారణలో ఆ సభ ఉంటే చేరండి. లేకపోతే, మంచం పట్టినవారికి దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించిన అప్పం) తీసుకెళ్లేటప్పుడు తోడు వస్తానని ఫాదర్‌గారిని అడగండి.

ఇవన్నీ చేసినా ప్రార్థనలో ఏమీ అనిపించని రోజులు వస్తాయి, భయపడకండి. మదర్ తెరెసా అలాంటి చీకటిని ఏళ్ల తరబడి అనుభవించారు. అయినా ప్రార్థననూ సేవనూ మానలేదు.