అమెరికాను క్రైస్తవ దేశంగానే స్థాపించారా? వర్జీనియాలో ఉంటున్న ఒంగోలు బాప్తిస్టుగా నా జవాబు

మీరు అడిగింది ఇదీ: అమెరికాను స్థాపించినవాళ్ళు దాన్ని క్రైస్తవ దేశంగానే ఉంచాలనుకున్నారా? డాలస్‌లో ఉంటున్న మీ బావగారికి చర్చిలో అందరూ అవుననే చెబుతారట, ఆఫీసులో మాత్రం అదంతా తర్వాత పుట్టించిన కథ అంటారట. ఇక్కడ ఉన్నవాళ్ళని చెప్పమన్నారు కాబట్టి రాస్తున్నాను, కొంచెం పెద్దగానే ఉంటుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. కాదు. వాళ్ళలో చాలామంది క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి బైబిలు చదివి పెరిగినవాళ్ళే, కొందరు గట్టి విశ్వాసులు కూడా. అయినా కొత్త దేశపు ప్రభుత్వానికి మతం ఉండకూడదని తెలిసి తెలిసి, ఏళ్ళ తరబడి వాదించుకుని మరీ నిర్ణయించారు. ఆ మాట గట్టిగా అడిగినవాళ్ళలో ముందున్నది దేవుణ్ణి నమ్మనివాళ్ళు కాదు, బాప్తిస్టులు. అంటే మా వాళ్ళు. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దగ్గరపడేదాకా తెలియదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మాది ఒంగోలు దగ్గర పల్లె. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, మా ఇంట్లో ఆ అంకె తెలియని పిల్లలు ఉండరు. ఆ పని నడిపించిన క్లౌ దొరగారు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ. మా నాయనమ్మకి అమెరికా అంటే దొరగారి దేశం, అంటే దేవుడి దేశం, అంతే. నేనూ అదే నమ్మకంతో వర్జీనియా వచ్చాను. వచ్చిన రెండో ఆదివారానికే ఒక బాప్తిస్టు సంఘంలో చేరిపోయాను, చాలా ప్రేమగా చూసుకున్నారు, ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాం.

పద్నాలుగేళ్ళ తర్వాత పౌరసత్వం పరీక్షకి చదువుతున్నప్పుడు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. మత స్వేచ్ఛ అంటే ఏమిటి? వాళ్ళిచ్చిన జవాబు: ఏ మతాన్నైనా పాటించవచ్చు, అసలు ఏ మతాన్నీ పాటించకుండానూ ఉండవచ్చు. సరిగ్గా ఆ నెలలోనే మా పెద్దవాళ్ళ బైబిలు క్లాసులో ఒకాయన ఒక కాగితం పంచాడు, దాన్నిండా తొలి ఇద్దరు అధ్యక్షులు వాషింగ్టన్, ఆడమ్స్ చెప్పారంటూ క్రీస్తు గురించి వాక్యాలు. మన రాజ్యాంగం క్రీస్తు మీద కట్టింది అన్నాడు. నేను అమాయకంగానే అడిగాను, రాజ్యాంగంలో ఎక్కడుందో చెప్పండి సార్, పరీక్షకి పనికొస్తుంది అని. ఎవరూ చెప్పలేకపోయారు. ఆ రాత్రి ఇంటికొచ్చి మొత్తం చదివాను. మన భారత రాజ్యాంగంలా పెద్దది కాదు, ఓ గంట కూర్చుంటే అయిపోతుంది.

అందులో యేసు గురించి లేదు, బైబిలు గురించి లేదు. చివర తేదీ వేసేటప్పుడు ఆ కాలపు అలవాటు ప్రకారం "మన ప్రభువు సంవత్సరం" అని ఉంది. బిల్లు మీద సంతకం పెట్టడానికి అధ్యక్షుడికి పది రోజుల గడువు ఇచ్చి అందులో ఆదివారాలు లెక్కలోకి రావన్నారు. ఇవి కాక మతం మాట సూటిగా వచ్చేది ఒకేచోట, ఆరో అధికరణంలో: ఏ ప్రభుత్వ పదవికైనా మతపరమైన పరీక్ష ఎప్పటికీ పెట్టకూడదు అని. తర్వాత 1791లో మొదటి సవరణ వచ్చింది, కాంగ్రెస్ ఏ మతాన్నీ అధికార మతంగా నిలబెట్టే చట్టం చేయకూడదు, ఎవరి ఆరాధననీ అడ్డుకోకూడదు అని.

ఇదేదో మర్చిపోయి వదిలేసింది కాదు. 1788లో నార్త్ కరోలినాలో ఈ రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని చర్చ జరిగినప్పుడు, ఇలా వదిలేస్తే అన్యమతస్థులు, ముస్లింలు కూడా పదవుల్లోకి వస్తారు కదా అన్న భయం సభలోనే పైకి వచ్చింది. ఆ ఏడు ఆ సభ ఒప్పుకోలేదు, 1789లో మాత్రం అంతా తెలిసే ఒప్పుకున్నారు. మన దగ్గర కూడా 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ప్రవేశికని "దేవుని పేరిట" అని మొదలుపెడదామని కామత్ గారు ప్రతిపాదిస్తే 41 మంది సరే అన్నారు, 68 మంది వద్దన్నారు. దేవుణ్ణి నమ్మేవాళ్ళు కూడా వద్దన్నారు. అది మనకి అర్థమైతే ఇదీ అర్థమవుతుంది.

ఇక అసలు కథ వర్జీనియాది. బ్రిటన్ మీద విప్లవానికి ముందు ఇక్కడ ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండు చర్చి, ప్రభుత్వ చర్చి. దాని ఖర్చుకి అందరూ పన్ను కట్టాలి, నువ్వు బాప్తిస్టువైనా సరే. లైసెన్సు లేకుండా బోధిస్తే జైలు. మేము ఉండేచోటికి కారులో గంట దూరంలో కల్పెపర్ అనే ఊరుంది. 1769లో జేమ్స్ ఐర్లండ్ అనే బాప్తిస్టు బోధకుణ్ణి అక్కడ జైల్లో వేశారు. ఆయన కిటికీ ఊచల్లోంచే బయట నిలబడ్డ జనానికి వాక్యం చెబుతుంటే, నోరు మూయించడానికి గంధకం, మిరపకాయలు కలిపి తగలబెట్టి ఆ పొగ లోపలికి పంపారు. మన ప్రాంతం వాళ్ళకి ఇది వివరించక్కర్లేదు, కళ్ళంలో కాస్త ఘాటు లేస్తేనే ఊపిరాడదు. అమ్మకి ఫోన్‌లో చెబితే, "లోపల మనిషి ఉండగానా?" అంది. చేసింది ఎవరు అని అడిగింది. వాళ్ళూ క్రైస్తవులేనమ్మా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ పక్కనే ఆరెంజ్ కౌంటీలో పెరిగినవాడు జేమ్స్ మాడిసన్. ఆయన బాప్తిస్టు కాదు. 1774 జనవరిలో, ఇరవై రెండేళ్ళ వయసులో, తన స్నేహితుడికి ఉత్తరం రాస్తూ పక్క కౌంటీలో అయిదారుగురు మంచి మనుషులు తమ మతాభిప్రాయాలు ప్రకటించినందుకు జైల్లో ఉన్నారని కోపంతో ఊగిపోయాడు. తర్వాత రాజ్యాంగం తయారీలోనూ, మొదటి సవరణలోనూ పెద్ద చెయ్యి ఈయనదే. ఆ కోపం ఎక్కడ మొదలైందో చూడండి.

1784లో వర్జీనియా నాయకుడు ప్యాట్రిక్ హెన్రీ ఇక్కడి చట్టసభలో ఒక బిల్లు తెచ్చాడు. క్రైస్తవ బోధకుల జీతాల కోసం అందరి దగ్గరా పన్ను వసూలు చేద్దాం, ఎవరి పన్ను ఏ సంఘానికి వెళ్ళాలో వాళ్ళే చెప్పుకోవచ్చు అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. వాషింగ్టన్ కూడా మొదట్లో దీన్ని తప్పు పట్టలేదు. అంటే "స్థాపకులు" అని మనం ఒక్క గొంతులా మాట్లాడతాం కానీ వాళ్ళలో వాళ్ళకే పడలేదు, ఇది మీ బావగారికి తప్పకుండా చెప్పండి. మాడిసన్ 1785లో దానికి వ్యతిరేకంగా పదిహేను కారణాలతో ఒక విన్నపం రాశాడు. క్రైస్తవం మొదటి శతాబ్దాల్లో ప్రభుత్వ సాయం లేకుండానే పెరిగింది, ప్రభుత్వం చేరదీశాక బోధకుల్లో సోమరితనం, గర్వం పెరిగాయి అన్నాడు. దాని ప్రతుల మీద పదిహేను వందలకు పైగా సంతకాలు పడ్డాయి. అదే సమయంలో, ఈ పన్ను సువార్త ఆత్మకే విరుద్ధం అంటూ తిరిగిన ఇంకో విన్నపం మీద దాదాపు 5,000 సంతకాలు. వాళ్ళు మతం వద్దన్నవాళ్ళు కాదు, మా సంఘాన్ని మేమే పోషించుకుంటాం, సర్కారు డబ్బు మా కానుకల పెట్టెలో పడొద్దు అన్న విశ్వాసులు.

ఆ బిల్లు పోయింది. 1786 జనవరిలో, స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సనే రాసిన మత స్వేచ్ఛ చట్టం వర్జీనియాలో పాసయింది. చర్చలో ఆ చట్టం పీఠికలో "యేసు క్రీస్తు" అన్న పేరు చేర్చాలని ఒకరు సవరణ తెస్తే సభలో చాలా ఎక్కువమంది వద్దన్నారు. ఈ విషయం జెఫర్సనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఎందుకు వద్దన్నారో కూడా రాశాడు: యూదులు, క్రైస్తవులు, ముస్లింలు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివాళ్ళు, అందరూ ఈ చట్టం నీడలోకి రావాలని వాళ్ళ ఉద్దేశమట. హిందువులు అన్న మాట స్పష్టంగా ఉంది. అప్పటికి వర్జీనియా చట్టసభలో కూర్చున్నవాళ్ళు ఒక్క హిందువునైనా చూసి ఉంటారని నేను అనుకోను. నా పక్కింట్లో ఉండేది విజయవాడ వాళ్ళు, వినాయక చవితికి మాకు కుడుములు పంపుతారు. ఆ వాక్యం చదివిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది వాళ్ళే.

జెఫర్సన్ సమాధి మాంటిచెల్లోలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళాను. రాతి మీద ఏం చెక్కాలో ఆయనే చెప్పి పోయాడు. స్వాతంత్ర్య ప్రకటన, ఈ మత స్వేచ్ఛ చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయం, ఈ మూడే. దేశాధ్యక్షుడిగా చేసిన సంగతి లేదు. ఇదే మనిషి వందలమంది బానిసల్ని ఉంచుకున్నాడు, అది అక్కడ నిలబడి మర్చిపోలేం, నేను మర్చిపోను.

అవతలి వైపు వాళ్ళకీ చూపించడానికి ఉన్నాయి, అవీ చెప్పాలి. 1789లోనే కాంగ్రెస్ జీతం ఇచ్చి ప్రార్థన చేసే పాస్టర్లను పెట్టుకుంది. అదే ఏడు వాషింగ్టన్ దేవుడికి కృతజ్ఞతలు చెప్పే రోజు ప్రకటించాడు. స్వాతంత్ర్య ప్రకటనలో సృష్టికర్త ఉన్నాడు, కానీ క్రీస్తు లేడు. మొదటి సవరణ అప్పట్లో కేంద్రానికే వర్తించేది, మసాచుసెట్స్‌లో సంఘాలకి పన్ను డబ్బు ఇవ్వడం 1833 దాకా సాగింది. మొదటి ప్రధాన న్యాయమూర్తి జాన్ జే అయితే ఇది క్రైస్తవ జాతి, క్రైస్తవుల్నే పాలకులుగా ఎన్నుకోవాలి అని 1816లో ఒక ఉత్తరంలో రాశాడు. ఇవి నిజం. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న జనం అన్నది నిజం, క్రైస్తవ ప్రభుత్వం అన్నది వేరే మాట. మా క్లాసులో గొడవంతా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వచ్చింది.

ఆఫీసులో వాళ్ళు, ఉత్తర ఆఫ్రికాలోని ట్రిపోలీతో అమెరికా చేసుకున్న ఒప్పందం చూపిస్తుంటే కాస్త జాగ్రత్త. అమెరికా ప్రభుత్వం ఏ విధంగానూ క్రైస్తవ మతం మీద స్థాపించింది కాదు అని దాని 11వ అధికరణంలో ఉంది, 1797లో సెనేట్ ఒప్పుకుంది, జాన్ ఆడమ్స్ సంతకం పెట్టాడు. కానీ అది ముస్లిం పాలకుడితో గొడవ రాకుండా రాసుకున్న మాట, పైగా అరబ్బీ ప్రతిలో ఆ అధికరణమే లేదని తర్వాత తేలింది. సాక్ష్యమే, కాకపోతే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం కాదు.

మా అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది, మరి స్కూల్లో జెండా ప్రతిజ్ఞలో దేవుడు ఉన్నాడు కదా నాన్నా అని. ఆ మాట చేర్చింది 1954లో. డబ్బు మీద కనిపించే "దేవుణ్ణి నమ్ముతాం" అన్నది జాతీయ నినాదం అయింది 1956లో, నాణేల మీదికి మొదట వచ్చింది అంతర్యుద్ధ కాలంలో, 1864లో. ఇవేవీ స్థాపకులు పెట్టినవి కావు. రాజ్యాంగం మొదట్లోనే సర్వశక్తిమంతుడైన దేవుడి పేరు పెట్టుకున్నది 1861లో బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు. మాల మాదిగ పల్లెల నుంచి వచ్చి ఆ గుండ్లకమ్మలో మునిగి లేచినవాళ్ళ మనవడిగా నాకు ఇది గుచ్చుకుంటుంది.

తర్వాత వారం క్లాసులో ఇదంతా చెప్పాను. చేతులు వణికాయి, అబద్ధం చెప్పను, టెన్షన్‌తో ఇంగ్లీషు తడబడింది. జాన్ లీలండ్ అనే బాప్తిస్టు బోధకుడి గురించి కూడా చెప్పాను, వర్జీనియాలో పదిహేనేళ్ళు పనిచేసినవాడు, క్రైస్తవ రాజ్యం అన్న ఆలోచనే శాశ్వతంగా పోవాలని 1790లో రాసినవాడు. ఆయన 1802 జనవరి 1న మసాచుసెట్స్‌లోని తమ ఊరివాళ్ళు చేసిన 1,235 పౌండ్ల జున్నుగడ్డని బండి మీద తెచ్చి జెఫర్సన్‌కి ఇచ్చాడు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అని జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్తిస్టులకి జవాబు రాసింది అదే రోజు. కాగితం పంచినాయన ఒప్పుకోలేదు, అది ఆయన ఇష్టం, ఇప్పటికీ పలకరించుకుంటాం. కానీ ఎనభై ఏళ్ళ పెద్దాయన ఒకరు, పుట్టినప్పటి నుంచీ కల్పెపర్ పక్కనే ఉన్నవాడు, మిరపకాయల సంగతి తనకెవరూ చెప్పలేదని, తీసుకెళ్తావా అని అడిగాడు. ఆ శనివారమే వెళ్ళాం.

మీ బావగారిని మాడిసన్ రాసిన ఆ పదిహేను కారణాలు ఒకసారి చదవమనండి, నాలుగైదు పేజీలే. చదివాక కూడా ఆయనకి వేరే అభిప్రాయం ఉంటే ఇక్కడే రాయమనండి, తప్పకుండా చదివి జవాబిస్తాను.